రెండు రసీదులు

ఫోవింకెల్ వీధిలో నా దుకాణం నెత్తిమీద
ఉక్కు దూలాన్ని పట్టుకుని గబ్బిలంలా వేలాడుతూ
అసలు రైలు పోతుంటుంది.
అది పోయినప్పుడల్లా అద్దాల బీరువాలో
నా బుల్లి ఇంజిన్లు ఒక్కసారి వణుకుతాయి,
హెడ్మాస్టరు వరండాలో నడుస్తుంటే
తరగతిలో పిల్లల్లా.

ముప్పై ఎనిమిదేళ్ల వ్యాపారం.
కొనడం, అమ్మడం అంటారు గానీ
అదే సరుకు మళ్లీ మళ్లీ నా గుమ్మం దాటడం, అంతే.
ఏవాల్ట్‌కి అమ్మాను. ఏవాల్ట్ పోయాడు.
ఇవాళ ఏవాల్ట్ ఇంటి మెట్లెక్కుతున్నాను
ఖాళీ అరటిపళ్ల డబ్బాలు చంకన పెట్టుకుని.

ఇర్మ్‌ట్రౌట్ కాఫీ ఇచ్చింది, అటక చూపించింది.
అరవై మూడు ఇంజిన్లు. పెట్టెలు లెక్కపెట్టలేదు.
మొదట అరచేతిలో బరువు చూస్తాను,
తర్వాత చక్రాల అంచు, తర్వాత భూతద్దం,
జింకు తెగులు పట్టిందేమోనని.
పోతపోసిన రోజే లోపల చేరుతుందది.
యాభై ఏళ్లు కిక్కురుమనకుండా ఉండి
ఏదో ఒక పూట గోరు తగిలితే చాలు
కాఫీలో ముంచిన రస్కులా విరుగుతుంది.

"రైలుపెట్టె కన్నా దాని అట్టపెట్టెకి ఖరీదెక్కువ"
అంటే ఆవిడ మొదటిసారి నవ్వింది.
"అవన్నీ పొయ్యిలో పెట్టింది నేనే,
తొంభై మూడు చలికాలం.
రెండు రోజులు నాతో మాట్లాడలేదు ఆయన."

తర్వాత ఫైలు తెచ్చింది.
బూడిదరంగు అట్ట, తేదీల వరసన రసీదులు,
అన్నీ నావే, సంతకం నాదే.
ఆకుపచ్చ మొసలి ఇంజిను: తొంభై మార్కులు.

శనివారం మధ్యాహ్నాలు వచ్చేవాడు
మార్కెట్ సంచిలో ఉల్లికాడలు పైకి కనబడేలా పెట్టుకుని.
"రెండు రాయి" అనేవాడు, గొంతు తగ్గించి,
"ఒకటి నీ పద్దుకి, ఒకటి మా ఇంటికి."
ఆరువందల నలభై తీసుకుని తొంభై అని రాశాను.
ఏవాల్ట్ ఒక్కడేం కాదు,
ఆ రోజుల్లో ఊళ్లో సగం కాపురాలు
నా కార్బన్ కాగితం మీదే నిలబడ్డాయి.

"ఇందులో సగం వచ్చినా చాలు," అంది.
"నువ్వు మోసం చెయ్యవని అనేవారు ఆయన."

దారి పొడుగునా ఒకటే అనుకుంటూ వచ్చాను:
నిజం చెప్పి ఆయన్ని అబద్ధాలకోరు చెయ్యనా,
అబద్ధం నిలబెట్టి నేను దొంగనవనా?
అటకమీద ఆ సంగతి మర్చిపోయి
వేళ్లు వాటి పని అవి చేశాయి.
పెట్టె లేదు, పొగగొట్టం దగ్గర పెచ్చు లేచింది,
మోటారు మూలుగుతోంది.
పైగా ఈ ఏడాది నా గిరాకీల్లో తొమ్మిదిమంది పోయారు.
తొమ్మిది అటకలు బజారున పడ్డాయి.
పోయేవాళ్లే గానీ కొనేవాళ్లేరీ?
కుర్రాళ్లు వస్తారు, ఫొటో తీసుకుని పోతారు.

నలభై ఆరు యూరోలు అని పెన్సిలుతో వేశాను.
అలవాటు చావక పాత మార్కుల్లోకి మార్చి చూశాను.
తొంభై.
మళ్లీ వేశాను. తొంభై.
మిగతావీ అంతే, కొన్నిటికి మూడో నాలుగో తేడా,
ఒక సరుకు బండికైతే ఏకంగా రెండు ఎక్కువ.

ముప్పై ఐదేళ్ల కిందట నేను రాసిన అబద్ధం
ఆ అటక మీద దుమ్ము కప్పుకుని కూచుని
నిజమైపోయింది.
నా ప్రమేయం లేదు. ఏవాల్ట్‌ది అసలే లేదు.

"పెట్టిందంతా తిరిగొచ్చిందే!"
ఇర్మ్‌ట్రౌట్ ముఖం విప్పారింది.
"లెక్క తెలిసిన మనిషి," అంది గోడమీది ఫొటో వైపు చూసి.
నేను ఫొటో వైపు చూడలేదు.

రసీదు పుస్తకం తీశాను.
చెయ్యి దానంతటదే కార్బన్ కాగితం దూర్చింది.
పై కాగితం చింపి ఇచ్చాను. ఆవిడ రెండు రంధ్రాలు పొడిచి
ఫైల్లో ఆఖరున పెట్టుకుంది.
"మరి ఆ రెండోది ఎవరికి?"

"పన్నుల వాళ్లకి," అన్నాను.

"ఆయనా అదే చెప్పేవారు," అంది
కాఫీ కప్పులు తీస్తూ.